ఐస్ ఊడొచ్చే ట్రే ఏది? హన్మకొండ ఎండల్లో వాడి చూసిన మూడు ట్రేలు

తీర్పు ముందే చెప్పేస్తా, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇంటికైతే చుట్టూ గట్టి ప్లాస్టిక్ అంచు, గుంతల అడుగున మాత్రం మెత్తటి సిలికోన్ ఉండే ట్రే కొనండి, మూత ఉన్నది చూసి. జ్యూస్ సెంటర్ లాంటిది నడుపుతూ ఒకేసారి బోలెడు ఐస్ కావాలనుకుంటే అల్యూమినియం ట్రే తీసుకుని పక్కన ఒక టబ్బులో నల్లా నీళ్లు పెట్టుకోండి. ఫ్రిజ్‌తో పాటు ఉచితంగా వచ్చే గట్టి ప్లాస్టిక్ ట్రే ఉంటుంది చూశారా, దాన్ని మేకులూ స్క్రూలూ వేసుకోవడానికి దాచుకోండి.

ఇంత చిన్న వస్తువుకి ఇంత పెద్ద రివ్యూ ఏంటని మా ఇంట్లో కూడా అడిగారు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటి కూర్చుంటుంది, రంజన్ కుండ నీళ్లు తాగే ఇంట్లో కూడా సాయంత్రం చుట్టాలొస్తే షర్బత్‌లోకి ఐస్ కావాల్సిందే. ఆన్‌లైన్‌లో ట్రేల కింద రివ్యూలు చూస్తే రంగు బాగుంది, ప్యాకింగ్ బాగుంది, డెలివరీ అన్న మంచిగా మాట్లాడాడు అని రాస్తారు గానీ ఐస్ ఎలా బయటికొచ్చిందో ఒక్కరూ రాయరు. నీళ్లని గడ్డకట్టించేది ఫ్రిజ్. ట్రే పని ఆ తర్వాతే మొదలవుతుంది, గడ్డకట్టినదాన్ని పేచీ లేకుండా వదలాలి. ఆ ఒక్క పనిలో ఏది పాసయింది, ఏది తప్పింది, ఎందుకు తప్పింది అన్నదే ఈ రాత.

ముందు ఫ్రిజ్‌తో వచ్చిన గట్టి ప్లాస్టిక్ ట్రే సంగతి. కొత్తలో బాగానే ఉంటుంది, రెండు చేతులతో పట్టుకుని మెలేస్తే టకటకమని శబ్దం చేస్తూ సగం ముక్కలు లేస్తాయి, మిగతా సగం కోసం నల్లా కింద పెట్టాలి. ఒక వేసవి గడిచాక మాత్రం అసలు వదలదు. కారణం మన చేతుల్లోనే ఉంది, దాన్ని గిన్నెలతో పాటు స్టీలు పీచుతో తోమేస్తాం. అప్పుడు పడ్డ గీతల్లోకి నీళ్లు దిగి అక్కడే గడ్డకడతాయి. నీరు ఐస్‌గా మారినప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కదా, గీతలో ఇరుక్కున్న ఆ సన్నటి ఐస్ కాళ్లు గట్టిగా బిగుసుకుంటాయి. అప్పుడు ముక్కని లాగితే ముక్క పైభాగం విరిగి చేతికొస్తుంది, కింది పొర ట్రేకే ఉండిపోతుంది. ఇంకా మెలేస్తే ట్రేనే పగులుతుంది, ఎందుకంటే బాగా చల్లబడిన చౌక ప్లాస్టిక్ పెళుసుగా తయారవుతుంది. మా ట్రే మూల అలాగే ఎగిరి సింక్‌లో పడింది.

ఇక్కడ ఒక విషయం అర్థమైతే మిగతాదంతా సులువు. ఐస్ ముక్క ట్రే నుంచి ఒక్కసారిగా మొత్తం వదిలి రాదు. ఎక్కడో ఒక అంచున సన్నటి పగులు మొదలై, అది ఐస్‌కీ ట్రేకీ మధ్య పాకుతూ పోతేనే వస్తుంది. కొత్త స్టీలు గిన్నె మీద అంటించిన ధర స్టిక్కర్‌ని గుర్తు తెచ్చుకోండి, దాన్ని అరచేతితో పక్కకి నెడితే కదలదు, అదే మూల గోటితో లేపి లాగితే మొత్తం వచ్చేస్తుంది. అంటుకున్న జిగురు అదే, బలం పెట్టిన చోటే మారింది. ట్రే గట్టిదైతే ఆ మూల లేపే అవకాశమే ఉండదు, మీ బలమంతా ముక్క అడుగు మొత్తానికి పంచుకుపోతుంది. ట్రే మెత్తదైతే అంచు దగ్గర ట్రేనే ముడుచుకుని ఐస్ నుంచి విడివడుతుంది.

అందుకే సిలికోన్ ట్రే గెలిచింది. వరంగల్ చౌరస్తా దగ్గర సామాన్ల కొట్టులో తీసుకున్నా, 200 రూపాయల లోపే. కొట్టాయన "అన్నా, రబ్బర్ లెక్క వంగుతది, కిందికెల్లి ఒత్తితే సాలు, ఎగిరి పడతది" అన్నాడు. ఎగిరి పడటం వరకు నిజమే, మొదటి ముక్క నేరుగా వెళ్లి స్టవ్ కింద పడింది. సిలికోన్‌కి నీళ్లు బాగా అంటవు, అది ఒక లాభం. కానీ చాలామంది అదొక్కటే కారణం అనుకుంటారు. నీళ్లు అంటకపోవడమే చాలనుకుంటే నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్ కూడా అంతే బాగా పనిచేయాలి, అది కూడా నీళ్లని అంటనివ్వదు. కానీ ఆ పూత కింద గట్టి లోహం ఉంటుంది, వంగదు, కాబట్టి పగులు మొదలవ్వడానికి దారి ఉండదు. సిలికోన్ రబ్బరు మామూలు ప్లాస్టిక్ కన్నా వందల రెట్లు మెత్తన. అసలు లాభం ఆ మెత్తదనంలో ఉంది.

ఈ సంగతి కనిపెట్టినవాళ్లు ఎప్పుడో ఉన్నారు. అమెరికాలోని మిషిగన్‌లో లాయిడ్ కోప్‌మన్ అనే ఆవిష్కర్త మేపుల్ చెట్ల పాలు సేకరించడానికి మంచులో నడుస్తుంటే, రబ్బరు బూట్లకి అంటుకున్న మంచు పెచ్చు సులువుగా ఊడిపోవడం గమనించాడట. దాన్నుంచే 1928 ప్రాంతంలో రబ్బరు ఐస్ ట్రే పుట్టింది. బూటు వంగిన ప్రతి అడుగుకీ మంచు ఒక అంచున లేచిపోతుంది, అంతే సంగతి. తర్వాత 1933లో గై టింకమ్ అనే అతను వంగే స్టెయిన్‌లెస్ స్టీలు ట్రే చేశాడు, అదీ వంచితేనే ముక్కలు ఊడేది. అంటే దాదాపు వంద ఏళ్లుగా మనవాళ్లు కొంటున్నది వంపునే, రంగులూ గుండె ఆకారాలూ తర్వాత వచ్చి చేరాయి.

మరి పూర్తి సిలికోన్ ట్రే కాకుండా గట్టి అంచు ఉన్నదే ఎందుకు కొనమంటున్నానంటే, పూర్తి మెత్తటిది నీళ్లు నింపాక ఎత్తితే మధ్యలో వంగి సగం నీళ్లు ఫ్రీజర్ అడుగున పోస్తుంది. ఆ నీళ్లు గడ్డకట్టి ట్రేని అడుక్కి అతికిస్తాయి, అదో కొత్త టెన్షన్, దాని గురించి కింద చెప్తా. అంచు గట్టిగా, అడుగు మెత్తగా ఉంటే రెండు బాధలూ తప్పుతాయి. ఇంకో లోపం వాసన. సిలికోన్ చుట్టుపక్కల వాసనల్ని పీల్చుకుంటుంది, ఫ్రీజర్‌లో చేపలు గానీ మటన్ గానీ పెట్టే ఇల్లయితే మూత లేని సిలికోన్ ట్రే ఐస్‌తో నిమ్మరసం తాగి చూడండి, మీకే తెలుస్తుంది. ట్రేని వేడినీళ్లలో కాసేపు మరిగిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొడి లాంటిది అడుగున కనిపిస్తుంది, అది ట్రే తప్పు కాదు. నీళ్లు గడ్డకడుతూ అందులోని సున్నం లవణాల్ని బయటికి తోసేస్తాయి, అవే ఐస్ కరిగాక గ్లాసు అడుగున కనిపిస్తాయి.

గడ్డకట్టడానికి కాస్త ఎక్కువసేపు పడుతుందని కూడా అంటారు, నిజమే. సిలికోన్ వేడిని సరిగా పోనివ్వదు, అల్యూమినియంతో పోలిస్తే దాదాపు వెయ్యోవంతు. రాత్రి పోసి పొద్దున తీసుకునే ఇంట్లో ఈ తేడా ఎవరికీ పట్టదు.

పట్టేది మా అక్కకి. కాజీపేటలో చిన్న జ్యూస్ సెంటర్ వాళ్లది. సిలికోన్ ట్రే చూపిస్తే ఒకటి రెండు ముక్కలు ఒత్తి చూసి పక్కన పెట్టేసింది. "తమ్మీ, గిరాకీ నిలబడి సూస్తుంటే నేను ఒక్కొక్క ముక్క కిందికెల్లి ఒత్తుకుంట కూసోవాల్నా? మొత్తం ఒక్కపారి పడాలె నాకు" అంది. ఆమె మాటకి తిరుగులేదు. సిలికోన్ ముక్కల్ని ఒక్కొక్కటే వదులుతుంది, ఇంట్లో నాలుగు గ్లాసులకి సరిపోతుంది, కొట్టుకి సరిపోదు.

ఆమె కోసం ఆన్‌లైన్‌లో లివర్ ఉన్న అల్యూమినియం ట్రే తెప్పించా. లివర్ ఎత్తితే మధ్యలో ఉన్న అడ్డుపలకలు కొంచెం కదిలి, అన్ని ముక్కల్లో ఒకేసారి పగులు తెస్తాయి, ఆలోచన బాగుంది. కానీ ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే లివర్ ఎత్తితే అది ఇంచు కూడా కదలదు. బలంగా గుంజితే ముక్కలు నలిగి పిండి అవుతాయి, గోడలకి సన్నటి పొరలు మిగిలిపోతాయి. లోహానికి ఐస్ చాలా గట్టిగా పట్టుకుంటుంది. నీళ్లు లోహం మీద సమంగా పరుచుకుని ప్రతి చిన్న ఎగుడుదిగుడులోకీ దూరి గడ్డకడతాయి, పైగా చల్లదనం పెరిగేకొద్దీ ఆ పట్టు పెరుగుతుంది. ఒక దశ దాటాక ఐస్‌కీ లోహానికీ మధ్య అతుకు కన్నా ఐస్ లోపలే బలహీనం, అందుకే ముక్క మధ్యలో విరుగుతుంది. తడి చేత్తో ఆ ట్రే పట్టుకుంటే వేళ్లు అంటుకుపోవడం కూడా ఇందుకే. లోహం వేలి తడిలోని వేడిని గుంజేసుకుని ఆ తడినే జిగురు చేస్తుంది. పొడి గుడ్డతో పట్టుకోండి, అంటుకుంటే గుంజకుండా నీళ్లు పోయండి.

అయితే లోహానికి ఉన్న ఆ గుణమే దాన్ని కాపాడుతుంది. వేడిని ఎంత వేగంగా తీసుకుపోతుందో అంత వేగంగా తెచ్చిస్తుంది కూడా. ట్రే అడుగుని టబ్బులో మామూలు నల్లా నీళ్లలో ఒక్క క్షణం ఆనించి తిప్పేస్తే మొత్తం ముక్కలు బోలెడంత చప్పుడుతో ఒకేసారి పడతాయి, మా అక్క ముఖం అప్పుడు చూడాలి. ఐస్ కరిగిపోదా అని అడుగుతారు. లెక్క వేద్దాం. మూడు సెంటీమీటర్ల ముక్క బరువు సుమారు 25 గ్రాములు, గ్రాము ఐస్ కరగడానికి 334 జౌళ్ల వేడి (జౌల్ అంటే శక్తికి కొలత) కావాలి, అంటే మొత్తం ముక్క కరగాలంటే 8,000 జౌళ్లకు పైనే. ట్రేకి ఆనుకున్న ఐదు వైపులా మిల్లీమీటర్‌లో పదోవంతు పొర కరిగితే చాలు ముక్క జారిపోతుంది, ఆ పొర కరగడానికి సుమారు 140 జౌళ్లు. ముక్కలో రెండు శాతం కూడా పోదు. ప్లాస్టిక్ ట్రేకి ఈ ఉపాయం అంత బాగా పనిచేయదు, నీళ్ల వేడి ఆ గోడ దాటి లోపలికి రావడానికే సమయం పడుతుంది. ఒకటే జాగ్రత్త, ముంచిన వెంటనే తిప్పాలి. ముక్క లోపల ఇంకా బాగా చల్లగానే ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే ఆ కరిగిన పొర మళ్లీ గడ్డకట్టి మొదటికొస్తుంది. మరిగే నీళ్లు వాడకండి, ముక్కలు చిట్లిపోతాయి.

ఇదేం కొత్త తెలివి కాదు. చేపల మార్కెట్‌కీ పెళ్లిళ్లకీ వెళ్లే పెద్ద ఐస్ దిమ్మలు తయారయ్యే ఐస్ ఫ్యాక్టరీలో ఎప్పటి నుంచో చేసేది ఇదే. జింకు పూత వేసిన ఇనుప డబ్బాల్లో నీళ్లు పోసి, సున్నా కన్నా చాలా కిందికి చల్లబరిచిన ఉప్పునీళ్ల తొట్టిలో దించుతారు. గడ్డకట్టాక డబ్బాని పైకెత్తి మామూలు నీళ్ల తొట్టిలో కాసేపు ముంచి వంచుతారు, దిమ్మ తనంతట తనే జారి వస్తుంది, సుత్తి అవసరం లేదు. ఆ డబ్బాలు పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ కాస్త సన్నగా ఉంటాయి, కాబట్టి దిమ్మ కొంచెం కదిలిందంటే చాలు, నాలుగు గోడల నుంచీ ఒకేసారి విడిపోతుంది. ట్రే కొనేటప్పుడూ ఇది చూడండి. గోడలు నిటారుగా ఉన్న పెద్ద చదరపు ముక్కల ట్రేలు ఫొటోల్లో అందంగా ఉంటాయి, వాటి నుంచి ముక్క తీయడం మాత్రం నరకం. గోడ ఏటవాలుగా ఉన్నదే తీసుకోండి. కుల్ఫీ అమ్మేవాళ్లు కోన్ ఆకారం డబ్బాని రెండు అరచేతుల మధ్య తిప్పుతారు కదా, అక్కడా ఏటవాలు గోడ, పల్చటి లోహం, చేతి వేడి, ఈ మూడూ కలిసే పనిచేస్తాయి.

షర్బత్, నిమ్మరసం, సల్ల గడ్డకట్టించేవాళ్లకి వేరే మాట. చక్కెర గానీ ఉప్పు గానీ కలిసిన నీళ్లు పూర్తిగా గడ్డకట్టవు, కొంత పాకం గానీ ఉప్పునీరు గానీ ఐస్‌కీ ట్రేకీ మధ్య ద్రవంగానే మిగులుతుంది. అందుకని ఇవి ఏ ట్రే నుంచైనా తేలిగ్గా వస్తాయి. సిలికోన్‌లో మరీ గట్టిగా ఒత్తితే మాత్రం ముక్క ముద్దయిపోతుంది, వీటికి పాత ప్లాస్టిక్ ట్రే కూడా చాలు. పైన మేకులకి అని రాశా కదా, సల్లకి కూడా వాడుకోవచ్చు.

ఇప్పుడు ట్రే ఫ్రీజర్‌కే అంటుకుపోయే బాధ. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా లోపలికొచ్చే గాలిలోని తేమ మంచు పొరగా పేరుకుంటుంది, ట్రే కింద చెమ్మ ఉంటే అదీ కలిసి అతికేస్తుంది. దయచేసి కత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి లేపకండి. ఆ ఫ్రీజర్ గోడల్లోనే గ్యాస్ తిరిగే సన్నటి గొట్టాలుంటాయి, అల్యూమినియం రేకు మెత్తన, ఒక్క పోటుకి చిల్లు పడుతుంది, గ్యాస్ పోతే రిపేరు ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. పైగా ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఉండేది ఐసోబ్యూటేన్, అంటే మండే గ్యాస్. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి ఆగండి, లేదా ట్రేలోనే కాసిని గోరువెచ్చటి నీళ్లు పోయండి. మా అమ్మ పాల ప్యాకెట్‌ని కత్తిరించి కడిగి, ఆరబెట్టి ట్రే కింద పరుస్తుంది. మొదట్లో నవ్వేవాణ్ణి గానీ అందులో ఉన్నది సిలికోన్ ట్రేలో ఉన్న కిటుకే, పల్చటి పాలిథిన్ వంగుతుంది, ఒక మూల పట్టి లేపితే పగులు పాకుతూ పోతుంది. కొందరు ఉప్పు చల్లుతారు, పనిచేస్తుంది గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది, వద్దు.

తీసిన ముక్కలన్నీ డబ్బాలో వేస్తే ఒకదానికొకటి అంటుకుని మళ్లీ ఒకే గడ్డ అవుతాయని ఇంకో ఫిర్యాదు. దానికి ఏ ట్రే కంపెనీనీ తిట్టి లాభం లేదు. ఐస్ ఉపరితలం మీద సున్నాకి కొంచెం దిగువన కూడా చాలా పల్చటి, నీటి లాంటి పొర ఉంటుంది. రెండు ముక్కలు ఆనుకుంటే ఆ పొర మధ్యలో చిక్కి గట్టిపడుతుంది, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1850లోనే దీని గురించి చెప్పాడు. నీళ్లలో ముంచి తీసిన తడి ముక్కలైతే ఇంకా త్వరగా అతుక్కుంటాయి. ఒక పళ్లెంలో విడివిడిగా పరిచి కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి, పైతడి గట్టిపడ్డాక డబ్బాలో వేయండి.

ఆన్‌లైన్‌లో ఈ మధ్య "తామరాకు టెక్నాలజీ" లాంటి మాటలతో ట్రేలకి పూసే స్ప్రేలు కూడా కనిపిస్తున్నాయి. కొనలేదు, కొనను. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడానికి కారణం దాని మీది సన్నటి బుడిపెలు, వాటి మధ్య గాలి ఉంటుంది కాబట్టి బొట్టు జారిపోతుంది. ఫ్రీజర్‌లో ఆ బుడిపెల మధ్యకే తేమ చేరి మంచుగా మారితే గాలి ఉండాల్సిన చోట ఐస్ ఉంటుంది, అప్పుడు పట్టు తగ్గకపోగా పెరిగే ప్రమాదమే ఎక్కువ. విమానాల రెక్కల మీద, కరెంటు తీగల మీద మంచు పేరుకోకుండా చూడాలని దీని మీద పెద్ద పరిశోధనే నడుస్తోంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అనీష్ తుతేజా బృందం 2019లో సైన్స్ పత్రికలో రాసింది కూడా పగులు గురించే. పగులు సులువుగా పాకే ఉపరితలమైతే, అంటుకున్న ఐస్ ఎంత పెద్దదైనా ఊడదీయడానికి కావాల్సిన బలం ఒక స్థాయి దాటి పెరగదట. ఐస్ ట్రేకి అంత దూరం వెళ్లక్కర్లేదు అనుకోండి.

లివర్ ట్రే అమ్మిన ఆన్‌లైన్ కొట్టు మీద ఒక చిన్న కోపం ఉంది. లివర్ పిన్ను కొద్దిరోజులకే వదులైంది, వెనక్కి తీసుకోమంటే "వాడిన వస్తువు" అని కుదరదన్నారు. వాడకుండా లివర్ బాగుందో లేదో ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి. ఇప్పుడు అక్క ఆ అడ్డుపలకలు తీసి పక్కన పడేసి, ఉత్త అల్యూమినియం ట్రేలో పలకలాగా ఐస్ చేసి, నీళ్లలో ఆనించి తీసి, కర్రతో కొట్టి వాడుతోంది. ఆమెకి అదే నచ్చింది, కాబట్టి కొట్టు కోసమైతే లివర్‌కి అదనంగా డబ్బులు పెట్టకండి, మామూలు ఏటవాలు గోడల ట్రే చాలు.

సిలికోన్‌ది మాత్రం ఆన్‌లైన్‌లో కాకుండా కొట్టులో చేతిలోకి తీసుకుని చూసి కొనండి. గుంత అడుగుని బొటనవేలితో ఒత్తితే అది లోపలికి పూర్తిగా తిరగబడాలి, వదిలితే మళ్లీ మామూలుగా రావాలి. కొన్నింటిలో పైన సిలికోన్ అని రాసుంటుంది గానీ ఒత్తితే వేలు నొప్పి పుడుతుంది, అలాంటివి అక్కడే పెట్టేసి రండి.